అపవాదమును సహించిన ప్రాణదాత : వాల్డెమార్ హాఫ్‌కిన్

కంటికి కనిపించని శత్రువుతో పోరాడుట కష్టము. తన చుట్టును ఉన్న మనుష్యుల అపనమ్మకముతో పోరాడుట అంతకన్న కష్టము. ఈ రెండు పోరాటములను ఒకే జీవితమున సాగించినవారు చరిత్రలో అరుదు. అట్టివారిలో వాల్డెమార్ మొర్దెకై హాఫ్‌కిన్ పేరు ముందుగా చెప్పదగినది. ఆయన మన దేశమున పుట్టినవాడు కాడు. మన భాషలు మాతృభాషలుగా కలవాడును కాడు. అయినను ఆయన జీవితములోని శ్రేష్ఠభాగమంతయు మన దేశ ప్రజల ప్రాణరక్షణమునకే వినియోగమయ్యెను. నేడు కలరా, ప్లేగు అను మాటలు మన విద్యార్థులకు పాఠ్యపుస్తకములోని మాటలు మాత్రమే. మన తాతముత్తాతలకు అవి ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించిన మాటలు. తెలంగాణ పల్లెలలో గత్తర అను పేరు తిట్టుగా కూడ నిలిచిపోయినదనగా ఆనాటి భయము ఎంత లోతైనదో ఊహింపవచ్చును. ఆ భయమును తగ్గించుటకై తన దేహమునే ముందుగా సూదికి అప్పగించిన మహనీయుని చరిత్రను మేము ఈ వ్యాసమున పాఠకుల ముందుంచుచున్నాము.

ఆయన చరిత్రను తెలిసికొనుటకు ముందు ఆయన ఎదుర్కొనిన శత్రువును గూర్చి కొంత తెలిసికొనవలెను. బాక్టీరియాలు ఏకకణ జీవులు. ఒక మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అందు రెండు మూడు భాగముల పొడవు మాత్రమే సాధారణముగా వాటికి ఉండును. మన శరీర కణములయందు వలె వాటియందు పొరతో చుట్టబడిన కేంద్రకము ఉండదు. ఆహారము, తగిన వేడిమి, తేమ దొరికినచో ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుచుండును. కొన్ని జాతులు అనుకూల పరిస్థితులలో ఇరువది నిమిషములకొకసారి విభజన చెందగలవు. ఆ లెక్కన ఒక్క పగటివేళలోనే ఒక కణము కోట్ల సంఖ్యకు చేరగలదు. అయితే ఆహారము తరిగి, తాము విడిచిన వ్యర్థములే తమకు అడ్డుపడుటచే ఆ వృద్ధి ఎక్కడనో ఆగిపోవును.

బాక్టీరియా అనగానే రోగమని తలచుట పొరపాటు. పాలు పెరుగగుట వాటి వలననే. వేరుసెనగ, పెసర, కంది మొదలగు పైరుల వేళ్ల బుడిపెలలో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చునట్లు మార్చునవి అవియే. మన ప్రేగులలో నివసించుచు కొన్ని విటమినులను తయారుచేయునవియు అవియే. చచ్చిన ఆకును, కళేబరమును కుళ్లబెట్టి తిరిగి మట్టిలో కలుపునవి అవి లేకున్న భూమిపై జీవనచక్రమే నిలిచిపోవును. రోగము కలిగించునవి వాటిలో కొలది జాతులు మాత్రమే. కాని ఆ కొలది జాతులే మానవ చరిత్రలో యుద్ధముల కన్న ఎక్కువ కన్నీరు తెప్పించినవి. హాఫ్‌కిన్ జీవితము అట్టి మూడు జాతులతో ముడివడినది. మొదటిది కలరా క్రిమి. రెండవది ప్లేగు క్రిమి. మూడవది ధనుర్వాత క్రిమి. మొదటి రెండింటిని ఆయన జయించుటకు యత్నించెను. మూడవది ఆయన కీర్తిని దెబ్బతీసెను.

హాఫ్‌కిన్ 1860వ సంవత్సరము మార్చి 15వ తేదీన నాటి రష్యా సామ్రాజ్యములోని ఒడెస్సా నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. నల్లసముద్ర తీరమునందలి ఆ నగరము నేడు ఉక్రెయిన్ దేశమున ఉన్నది. బెర్దియాన్స్క్ పట్టణమున చదువు ముగించి, 1879లో ఒడెస్సాలోని విశ్వవిద్యాలయమున చేరెను. అక్కడ జంతుశాస్త్రమును బోధించుచున్న ఇల్యా మెచ్నికోవ్ ఆయనకు గురువయ్యెను. రక్తములోని తెల్లకణములు క్రిములను మ్రింగివేయునని కనుగొని, తరువాత 1908లో నోబెల్ బహుమానమును పొందిన మహాశాస్త్రజ్ఞుడాయన. మంచి గురువు దొరకుట విద్యార్థి జీవితమున ఎంత భాగ్యమో హాఫ్‌కిన్ చరిత్ర అడుగడుగున చాటుచున్నది.

ఆ రోజులలో రష్యాలో యూదుల బ్రదుకు సుఖమైనది కాదు. 1881లో జార్ చక్రవర్తి హత్య జరిగిన పిమ్మట యూదుల ఇండ్లపై మూకలు విరుచుకుపడినవి. ఒడెస్సా యూదులు ఆత్మరక్షణకై ఒక దళముగా ఏర్పడగా యువకుడైన హాఫ్‌కిన్ అందు చేరెను. ఒక ఇంటిని కాపాడబోయి గాయపడెను. నిర్బంధింపబడెను. మెచ్నికోవ్ కలుగజేసికొనుటచే విడుదలయ్యెను. చదువు పూర్తియైన తరువాత విశ్వవిద్యాలయములో ఆచార్య పదవికి ఆయన అర్హుడే. కాని తాతల నాటి మతమును విడిచి ప్రభుత్వ మతమును స్వీకరించినగాని ఆ తలుపు తెరువబడదని తేలెను. ఆయన పదవిని వదలుకొనెనే గాని మతమును వదలుకొనలేదు. కొన్ని సంవత్సరములు ఒడెస్సా జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో పనిచేసి, 1888లో స్వదేశమును విడిచి స్విట్జర్లాండులోని జెనీవాకు వెడలిపోయెను.

అప్పటికే మెచ్నికోవ్ పారిస్ నగరమున నూతనముగా స్థాపింపబడిన పాశ్చర్ సంస్థలో చేరియుండెను. 1889లో శిష్యుడును అక్కడికి చేరుకొనెను. అక్కడ ఖాళీగా ఉన్న ఉద్యోగము సహాయ గ్రంథపాలకునిది ఒక్కటియే. శాస్త్ర పరిశోధనకై దేశము విడిచి వచ్చినవాడు పుస్తకములు సర్దు పనిని స్వీకరించెను. ఆ పని చేయుచునే తీరిక వేళలలో ప్రయోగశాలలో క్రిములను పెంచుట, వాటి స్వభావమును పరిశీలించుట అభ్యసించెను. చిన్న ఉద్యోగమని చిన్నబుచ్చుకొను నేటి యువకులకు ఈ ఘట్టము జ్ఞాపకముంచుకొనదగినదని మా అభిప్రాయము. కొంతకాలమునకు పాశ్చర్ శిష్యులలో ప్రముఖుడైన ఎమిల్ రూ వద్ద ఆయనకు సహాయకుని స్థానము లభించెను.

ఆ కాలమున కలరా ఆసియా నుండి ఐరోపా వరకు ప్రాకుచుండెను. కలరా క్రిమి కామా గుర్తువలె వంగియుండును. ఒక చివర తోకవంటి తంతువు ఉండి, నీటిలో చురుకుగా ఈదును. మలముతో కలుషితమైన నీటి ద్వారా కడుపులో ప్రవేశించి చిన్నప్రేగు గోడను అంటిపెట్టుకొని ఒక విషమును విడుచును. ఆ విషము ప్రేగు కణములను చంపదు. వాటి కవాటములను తెరచి ఉంచినట్లు చేయును. అందుచే శరీరములోని నీరు, లవణములు ఆగక బయటికి ప్రవహించును. ఆరోగ్యవంతుడైన మనిషి కొలది గంటలలో ఎండిపోయి ప్రాణము విడుచుట ఇందువలననే. ఈ క్రిమిని జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ 1883-84 సంవత్సరములలో ఈజిప్టులోను, కలకత్తాలోను పరిశీలించి రోగకారణమని తెలిపెను. దాని విషమును కలకత్తాలోనే శంభునాథ్ దే అను మన శాస్త్రజ్ఞుడు 1959లో నిరూపించెను.

కారణము తెలిసినను నివారణము తెలియలేదు. హాఫ్‌కిన్ ఈ సమస్యను చేపట్టెను. క్రిమిని గినీ పందుల ఉదరకుహరమున ఒకదాని నుండి మరొకదానికి పలుమారులు మార్చి దాని తీవ్రతను పెంచెను. వేరొక వైపు గాలి తగులునట్లు 39 డిగ్రీల వేడిమిలో పెంచి దాని బలమును తగ్గించెను. ముందు బలహీనమైన క్రిమిని, కొన్ని దినములకు తీవ్రమైన క్రిమిని చర్మము క్రిందికి ఎక్కించినచో జంతువులు కలరాను తట్టుకొనుచున్నట్లు కనుగొనెను. శరీరము శత్రువును ఒకసారి బలహీన రూపమున గుర్తించినచో, తరువాత అదే శత్రువు బలముతో వచ్చినపుడు ఎదిరించుటకు సిద్ధముగా ఉండును. టీకా రహస్యమంతయు ఇదియే. కాని జంతువులకు సరిపడినది మనుష్యునకు సరిపడునా? ఈ ప్రశ్నకు సమాధానమును ఆయన ఇతరుల దేహమున వెదకలేదు. 1892 జూలై 18వ తేదీన తనకే సూది పొడుచుకొనెను. జ్వరము, నొప్పి కలిగి కొలది దినములలో తగ్గిపోయెను. రెండవ మోతాదును కూడ తీసికొనెను. ఆయన రష్యను మిత్రులు కొందరు ఆ మార్గమునే అనుసరించిరి.

టీకా విలువ తేలవలెనన్న కలరా నిత్యము సంచరించు దేశమునకు పోవలెను. ఒకప్పుడు భారతదేశమున వైస్రాయిగా ఉండి, అప్పుడు పారిస్‌లో బ్రిటిషు రాయబారిగా ఉన్న డఫరిన్ ప్రభువు బెంగాలునకు పొమ్మని సూచించెను. 1893లో హాఫ్‌కిన్ కలకత్తా చేరుకొనెను. ఉత్తర హిందూస్థానమున అనేక పట్టణములు, దండుపేటలు, కారాగారములు తిరిగెను. కలకత్తా మురికివాడలలో మొదట జనులు ఆయనను నమ్మలేదు. పరదేశి తెచ్చిన సూదిలో ఏమి ఉన్నదో అని భయపడుట సహజమే. అప్పుడు ఆయనకు తోడైన భారతీయ వైద్యులు ప్రజల యెదుటనే తాము ముందుగా టీకా వేయించుకొనిరి. ఆ దృశ్యము చూచిన పిమ్మట జనులు ఒక్కొక్కరుగా ముందుకు వచ్చిరి.

హాఫ్‌కిన్ పద్ధతిలో ఒక విశేషము కలదు. ఒకే ఇంటిలో నివసించుచు, ఒకే కుంట నీరు త్రాగుచున్నవారిలో టీకా తీసికొనినవారు ఎందరు, తీసికొననివారు ఎందరు, ఎవరికి రోగము వచ్చినది, ఎవరు మరణించిరి అని ఆయన వివరముగా లెక్కలు వ్రాయించెను. అందరి పరిస్థితులు ఒక్కటియైనపుడే టీకా చేసిన మేలు తేటపడునని ఆయన ఉద్దేశము. నేడు ప్రతి క్రొత్త మందును పరీక్షించునపుడు పాటించు నియమమునకు ఇది ఒక తొలి ఉదాహరణము. రెండున్నర సంవత్సరములలో నలుబది వేలమందికి పైగా ఆయన టీకా తీసికొనిరి. టీకా పొందినవారిలో మరణములు గణనీయముగా తగ్గినవి. అయితే ఆ రక్షణము శాశ్వతము కాదనియు ఆయన లెక్కలే తెలిపినవి. తనకు అనుకూలముగా లేని అంకెను గూడ దాచకపోవుట శాస్త్రజ్ఞునకు మొదటి లక్షణము. మలేరియా జ్వరముతో బలహీనుడై 1895లో ఆయన విశ్రాంతికై ఐరోపాకు మరలెను. మరుసటి ఏటనే తిరిగివచ్చెను.

1896 సెప్టెంబరులో బొంబాయి నగరమున మాండ్వీ ప్రాంతములో ప్లేగు బయలుపడెను. జనులు నగరమును విడిచి పరుగులెత్తిరి. వారితోబాటు రోగమును నలుదిక్కులకు పాకెను. ప్లేగు క్రిమిని అంతకు రెండేండ్ల క్రితమే, 1894లో హాంకాంగ్‌లో పాశ్చర్ సంస్థకే చెందిన యెర్సిన్ కనుగొనియుండెను. అది ముఖ్యముగా ఎలుకల రోగము. ఎలుక చచ్చి చల్లబడగనే దాని దేహముపై ఉన్న గోమారులు వేడి రక్తము కొరకు మనుష్యుని కరచును. క్రిమి రక్తములో చేరి గజ్జలలోను, చంకలలోను గడ్డలు లేపును. ఈ గోమారి సంగతిని పాల్ లూయీ సిమోన్ 1898లో బయటపెట్టువరకు ఎవరికిని నిశ్చయముగా తెలియదు. కనుక 1896లో హాఫ్‌కిన్ చీకటిలో తడుముకొనుచునే పనికి పూనుకొనవలసివచ్చెను.

ప్రభుత్వ ఆదేశముపై అక్టోబరులో ఆయన బొంబాయి చేరెను. గ్రాంట్ వైద్య కళాశాలలో ఒక గది, ఒక వసారా ఆయనకు ప్రయోగశాలగా ఇచ్చిరి. సిబ్బంది ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. ఆ పరిమిత సాధనములతో ఆయన రాత్రింబవళ్లు పనిచేసి మూడు మాసములలో ప్లేగు టీకామందును సిద్ధపరచెను. మాంసపు రసములో క్రిమిని పెంచి, పైన నెయ్యి చుక్కలు తేలవేసెను. ఆ చుక్కల నుండి క్రిములు ఊడలవలె క్రిందికి వ్రేలాడుచు పెరిగెడివి. అప్పుడప్పుడు పాత్రను కదిపి, కొన్ని వారములు పెరుగనిచ్చి, పిమ్మట వేడిచేసి క్రిములను చంపి, కార్బాలిక్ ఆమ్లమును స్వల్పముగా కలిపెడివారు. కలరా టీకాలోని క్రిములు సజీవములు. ప్లేగు టీకాలోనివి మృతములు. చచ్చిన క్రిమి రోగమును కలిగింపలేదు గాని శత్రువు ఆనవాలును శరీరమునకు నేర్పగలదు.

ఇచ్చట ఒక చిన్న విషయము మా మనస్సును మిక్కిలి ఆకర్షించినది. మాంసపు రసమునకు ఐరోపాలో ఉపయోగించు జంతువుల మాంసమును ఆయన వాడలేదు. హిందువుల మనస్సుగాని, ముసల్మానుల మనస్సుగాని నొచ్చుకొనకుండునట్లు మేకమాంసమునే ఎంచుకొనెను. తన విశ్వాసము కొరకు పదవిని వదలుకొనినవాడు ఇతరుల విశ్వాసము విలువను ఎరుగడా! మందు ఎంత గొప్పదైనను పుచ్చుకొనువాని గౌరవమునకు భంగము కలుగరాదని ఆయన గ్రహించెను.

1897 జనవరి 10వ తేదీన హాఫ్‌కిన్ తనకే ఆ టీకా వేయించుకొనెను. తరువాత ప్రజలకు ఇచ్చిన మోతాదు కన్న అది చాల పెద్దది. తీవ్రమైన జ్వరమును, నొప్పిని అనుభవించియు పని మానలేదు. ఆ నెలాఖరున బైకల్లా కారాగారములో ప్లేగు ప్రవేశింపగా ఖైదీలలో సమ్మతించినవారికి టీకా ఇచ్చిరి. మిగిలినవారితో పోల్చిచూడగా టీకా పొందినవారిలో రోగమును, మరణమును తక్కువగా కనబడెను. చెరలో ఉన్నవాని సమ్మతి ఎంతవరకు స్వేచ్ఛాపూర్వకమని నేటి వైద్యనీతి ప్రశ్నించును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆనాటి పరిస్థితులను చెప్పునపుడు దానిని మరువరాదు.

ఆ దినములలో ప్లేగు నివారణ పేరిట అధికారులు ఇండ్లలో చొరబడి సోదాలు చేయుట, రోగులను బలవంతముగా తరలించుట ప్రజల గుండెలలో మంటలు రేపెను. 1897 జూన్‌లో పూనాలో ప్లేగు అధికారి రాండ్ హత్యకు గురియయ్యెను. అట్టి ఆగ్రహ వాతావరణములో ప్రభుత్వము పంపిన సూదిని ఎవరు నమ్ముదురు? అప్పుడు ఖోజా ఇస్మాయిలీల గురువు, ఇరువదేండ్ల యువకుడు మూడవ ఆగాఖాన్ ముందుకు వచ్చెను. తన అనుచరుల సమక్షమున తానే పలుమారులు టీకా వేయించుకొని వారి భయమును పోగొట్టెను. వేలకొలది ఖోజాలు టీకా తీసికొనిరి. అంతేకాక ప్రయోగశాలకు చోటు చాలనపుడు తన భవనములలో ఒకటైన ఖుస్రూ లాడ్జిని ఇచ్చెను. యూదుడైన శాస్త్రజ్ఞుడు, ముస్లిం మతగురువు, హిందూ ఖైదీ, పార్సీ వైద్యుడు ఒకే క్రిమికి ఎదురుగా ఒక పక్షమున నిలిచిన ఆ కాలము మన దేశ చరిత్రలో మరువరానిది. 1899 ఆగస్టు 10వ తేదీన పరేలులోని పాత గవర్నరు భవనమున ప్లేగు పరిశోధనశాల ప్రారంభింపబడెను. హాఫ్‌కిన్ దానికి ప్రధానాధిపతి అయ్యెను.

కీర్తి శిఖరమున ఉన్నపుడే పిడుగు పడెను. 1902లో పంజాబులో ప్లేగు విజృంభింపగా పెద్దయెత్తున టీకాలు వేయుటకు ప్రభుత్వము సంకల్పించెను. అక్టోబరు 30వ తేదీన ముల్కోవాల్ అను గ్రామములో ఐదు సీసాల మందుతో 107 మందికి టీకాలు వేసిరి. నాలుగు సీసాల మందు పొందినవారికి ఏ హానియు కలుగలేదు. ఒక్క సీసాలోని మందు పొందిన 19 మందియు కొలది దినములకు ధనుర్వాతముతో మరణించిరి. ప్లేగు నుండి తప్పించుకొనుటకై నమ్మి చేయి చాచినవారు వారు. ఆ గ్రామములోని ఆ పందొమ్మిది కుటుంబముల దుఃఖమును తలచినపుడు ఏ వాదమును వారికి ఓదార్పు కాజాలదని మేము ఒప్పుకొనక తప్పదు.

ధనుర్వాత క్రిమి మట్టిలోను, గుఱ్ఱముల, పశువుల పేడలోను నివసించును. ప్రాణవాయువు తగిలిన చోట అది పెరుగదు. కష్టకాలమున గట్టి కవచము గల బీజరూపమును ధరించి సంవత్సరముల తరబడి నిద్రించును. ఆ రూపములో దానిని మామూలు మందునీటిలో ముంచి తీసినంత మాత్రమున చంపలేము. నిప్పుమంటలో కాల్చవలెను. లేదా ఒత్తిడితో కూడిన ఆవిరిలో ఉంచవలెను. లోతైన గాయములో గాలి చొరని చోట అది మేల్కొని విషమును విడుచును. ఆ విషము నరములను పట్టి దవడలను బిగించి, దేహమును విల్లువలె వంచును. ఆ పేరు అందుకే వచ్చినది.

ఈ క్రిమి ఆ సీసాలోనికి ఎప్పుడు ప్రవేశించెను? పరేలులో మందు నింపునపుడా? ముల్కోవాల్‌లో బిరడా తీయునపుడా? పందొమ్మిది ప్రాణములకు సమాధానము ఈ ప్రశ్నపై ఆధారపడినది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్సు జెన్కిన్సు అధ్యక్షతన విచారణ సంఘము ఏర్పడెను. పంజాబు అవసరమునకై త్వరగా మందు తయారుచేయుటకు పరేలులో కార్బాలిక్ ఆమ్లమును కలుపుట మాని వేడిమిపైననే ఆధారపడిరని తెలియవచ్చెను. పారిస్‌లో అప్పటికే అనుసరించుచున్న పద్ధతియే అది. అయినను దోషము పరేలులోనే జరిగినదని సంఘము తలచెను. హాఫ్‌కిన్ పదవి నుండి తొలగింపబడి, 1904లో మన దేశమును విడిచి వెళ్లెను.

కాని సాక్ష్యములలోనే వేరొక కథ దాగియున్నది. ఆ దినమున సీసా బిరడా తీయుటకు ఉపయోగించిన పట్టకారు నేలపై పడెను. దానిని మంటలో కాల్చి శుద్ధిచేయక మందునీటిలో ముంచి తీసి బిరడాను లాగిరి. సీసా తెరచిన వైద్యుడు మందులో దుర్వాసన ఏదియు లేదని చెప్పెను. ధనుర్వాత క్రిమి సీసాలో దినముల తరబడి పెరిగియున్నచో దుర్వాసన రాక తప్పదు. లండన్‌లోని లిస్టర్ సంస్థ ఈ విషయమును పరిశీలించి, సీసా తెరచునపుడే క్రిమి ప్రవేశించియుండుటకు ఎక్కువ అవకాశమున్నదని అభిప్రాయపడెను. ఈ పత్రములు ప్రజలకు తెలియుటకు 1906 చివరి వరకు వేచియుండవలసి వచ్చెను. నాలుగు సంవత్సరములు ఒక నిర్దోషి దోషిగా బ్రదికెను.

ఆయన పక్షమున నిలిచినవారిలో అగ్రగణ్యుడు సర్ రొనాల్డ్ రాస్. ఈ పేరు మనకు క్రొత్తది కాదు. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదు బేగంపేటలోనే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనిన శాస్త్రజ్ఞుడాయన. రాస్ లండన్ టైమ్స్ పత్రికలో వరుసగా లేఖలు ప్రకటించి సాక్ష్యములను విప్పిచెప్పెను. 1907 జూలైలో పదిమంది ప్రముఖ శాస్త్రజ్ఞులు ఒక్కటిగా సంతకము చేసి, హాఫ్‌కిన్‌పై మోపిన ఆరోపణ నిలువదని ప్రకటించిరి. ఫ్రాన్సులో యూదుడైన సైనికాధికారి డ్రైఫస్ అపనిందకు గురియై, పండ్రెండేండ్ల పిమ్మట 1906లో నిర్దోషిగా తేలిన సంగతి నాటివారి మనస్సులలో పచ్చిగా ఉండెను. హాఫ్‌కిన్ వ్యవహారమును దానితో పోల్చినవారును కలరు. ఆ యేడే ప్రభుత్వము ఆయనను నిర్దోషిగా అంగీకరించి తిరిగి ఉద్యోగమునకు పిలిచెను.

న్యాయము లభించెను గాని పోయినది తిరిగి రాలేదు. తాను కట్టిన పరేలు పరిశోధనశాలలో ఆయన స్థానము అప్పటికే వేరొకరిదైయుండెను. కలకత్తాలోని ఒక ప్రయోగశాలకు ఆయనను అధిపతిగా పంపిరి. అక్కడ మునుపటివలె ప్రజల మధ్య క్రొత్త ప్రయోగములు చేయు అవకాశము ఆయనకు దొరకలేదు. 1914లో ఉద్యోగ విరమణ చేసి ఐరోపాకు మరలిపోయెను. వివాహము చేసికొనలేదు. శేషజీవితమును తన మతగ్రంథముల అధ్యయనమునకు, తూర్పు ఐరోపాలోని యూదు బాలుర విద్యకు వినియోగించెను. 1929లో తాను కూడబెట్టిన ధనముతో అందుకై ఒక నిధిని స్థాపించెను. 1930 అక్టోబరు 26వ తేదీన స్విట్జర్లాండులోని లొజాన్ నగరమున కన్నుమూసెను.

పరేలు పరిశోధనశాలకు 1925లో హాఫ్‌కిన్ సంస్థయని పేరు పెట్టిరి. ఆ గౌరవమును ఆయన జీవించియుండగనే చూచెను. 1897 నుండి 1925 వరకు ఆ సంస్థ నుండి రెండున్నర కోట్లకు పైగా ప్లేగు టీకా మోతాదులు వెలువడినవి. 1964లో మన తంతి తపాలా శాఖ ఆయన చిత్రముతో తపాలా బిళ్లను విడుదల చేసెను. ఆయన టీకాలు సంపూర్ణమైనవి కావు. జ్వరము, నొప్పి కలిగించెడివి. రక్షణము కొంతకాలమే ఉండెడిది. తరువాత పరిశుభ్రమైన నీరు, ఉప్పు పంచదార ద్రావణము, సూక్ష్మజీవినాశక ఔషధములు ఈ రోగముల కోరలు పీకివేసినవి. కాని ఆ ఔషధములు లేని చీకటి దినములలో జనుల చేతికి అందిన దీపము హాఫ్‌కిన్‌దే.

ఈ చరిత్రను వ్రాయుచు మేము రెండు విషయములను గూర్చి ఆలోచించితిమి. మొదటిది, శాస్త్రములో చిన్న అజాగ్రత్తయు చిన్నది కాదు. నేలపై పడిన ఒక పట్టకారు పందొమ్మిది ప్రాణములను బలిగొనెను. మన కళాశాల ప్రయోగశాలలో సూదిని మంటలో ఎర్రగా కాల్చి గాని క్రిమి పెంపకమును తాకవద్దని అధ్యాపకులు పదేపదే హెచ్చరించుట చాదస్తము కాదు. రెండవది, ఒక అనర్థము జరిగినపుడు సాక్ష్యమంతయు పరిశీలింపక ఎవరో ఒకరిని, అందులోను పరాయివాడుగా కనబడువానిని, దోషిగా నిలుపుటకు లోకము తొందరపడును. అట్టి వేళ సాక్ష్యమును చదివి నోరు విప్పువారు కొందరైనను ఉండవలెను. రాస్ ఆ పని చేసియుండనిచో హాఫ్‌కిన్ పేరు నేడు ఒక సంస్థ ద్వారముపై గాక ఒక విచారణ నివేదికలోనే మిగిలిపోయియుండెడిదేమో! సూక్ష్మదర్శినిలో చూచుటకు కావలసిన ఓర్పు మనుష్యులను గూర్చి తీర్పు చెప్పునపుడును కావలెనని మా విద్యార్థి సోదరసోదరీమణులకు విన్నవించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాము.